తిరుపాలు వేషం

ఉదయగిరి
ధాత సంవత్సరం, మాఘ మాసం

బావ రామనారాయణకు, చెంచురామయ్య రాసేది.

చెల్లెలు పెంచలమ్మ ఎలా ఉంది? చంటిది పాకుతోందా? ఇంటికి వచ్చి చూసుకోవాలని ఉంది కానీ నేను కదలలేని స్థితిలో ఉన్నాను. వానలు లేక జనమంతా దుర్గం ఎక్కి గడ్డలు తవ్వుకు తింటున్నారు. నేనూ ఎక్కాను. దిగేటప్పుడు రాయి జారి కాలు విరిగింది. కట్టు కట్టించుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అందుకని ఈ ఏడు పగటివేషాలకు తమ్ముడు శీనయ్య ఒక్కడే బయలుదేరుతున్నాడు. రాముడి వేషం కట్టినా, శక్తి వేషం కట్టినా జనం లేచిపోతున్నారు బావా. ఆకలి మీద ఉన్నవాళ్ళకు దేవుళ్ళను చూసే ఓపిక లేదు. వాళ్ళకిప్పుడు ఒక్కడి కథే కావాలి. దొంగ తిరుపాలు కథ. నీ దాకా వచ్చే ఉంటుంది. సోమశిలలో పెళ్ళికూతురి వేషంలో పల్లకీ ఎక్కి వచ్చాడట, పోయేటప్పుడు పల్లకీ నిండా జొన్నలట. కలిగిరిలో బైరాగిగా వచ్చి గాదె ఉన్న ఇంటివాళ్ళను దీవించి, గాదెను ఖాళీ చేసి పోయాడట. వాడి మొహం చూసినవాడు లేడు.

శీనయ్య దాని మీద కొత్త వేషం కట్టాడు. తిరుపాలు పోలీసు జమేదారు వేషంలో వచ్చి, తను చేసిన దొంగతనాన్ని తనే విచారిస్తాడు. "దొంగ ఎంత పొడుగుండాడు?" అంటాడు. "చూడలేదయ్యా" అంటాడు ఇంటాయన. "చూడకుండా దొంగని ఎట్ల చెప్తావు? చూసినోడెవుడన్నా దొంగని చెప్పినాడా?" అని మీసం తిప్పుతాడు. మొన్న మా వాకిట్లో ఆడి చూపితే వాడి పెళ్ళాం ఆనందమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆత్మకూరుకు వస్తాడు. నువ్వు గుమాస్తాగా ఉన్న మాలకొండయ్యశెట్టి కొట్టు ముందు జనం కూడతారు కదా. అక్కడ ఆడించు. నీ ఇంట్లో నాలుగు మెతుకులు పెట్టు. అక్కను చూసుకున్నట్టూ ఉంటుంది.

చెంచురామయ్య

*

ఆత్మకూరు
ధాత, ఫాల్గుణ మాసం

బావ చెంచురామయ్యకు నమస్కారాలు.

నీ కాలి సంగతి విని బాధపడ్డాము. ఇక్కడ అందరూ కులాసా. చంటిది పాకడమేమిటి, గోడ పట్టుకుని నిలబడుతోంది.

శీనయ్యను తప్పకుండా పంపు. అయితే ఒక్క సంగతి. నీకు కోపం రాకుండా ఎలా రాయాలో తెలియక రెండుసార్లు కాగితం చించేశాను. నేను ఈ కొలువులో చేరేటప్పుడు, మాది పురాణం చదివే కుటుంబమనీ, అత్తవారూ అటువంటివారేననీ శెట్టిగారితో అన్నాను. వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగేవాళ్ళంటే ఆయనకు చులకన. ఆ మాట అనకపోతే నన్ను గడప ఎక్కనిచ్చేవాడు కాదు. ఈ కరువులో ఈ కొలువు పోతే మేమేమవుతామో నువ్వే ఆలోచించు.

అందుకని శీనయ్య సత్రంలో దిగితే బాగుంటుంది. నలుగురిలో నన్ను బావా అని పిలవకుండా ఉంటే మరీ మంచిది. కొన్నాళ్ళే కదా. అన్నం నేను సత్రానికే పంపిస్తాను. పెంచలమ్మకు కూడా ఈ సంగతి నచ్చజెప్పాను.

ఊళ్ళో వాళ్ళంతా విత్తనపు జొన్నలు శెట్టిగారి కొట్టులోనే దాచుకున్నారు. ఇంట్లో ఉంచుకుంటే తినేస్తామని వాళ్ళ భయం. రోజూ వచ్చి కొట్టు తలుపు చూసి పోతుంటారు. కనుక జనానికి కొదవ ఉండదు.

రామనారాయణ

*

ఉదయగిరి
ఈశ్వర సంవత్సరం, చైత్ర మాసం

బావా,

నీ ఉత్తరం శీనయ్యకు చదివి వినిపించాను. వాడు నవ్వి, "బావకి నేనెవురో తెలవనట్టు ఆయన ఆడాల, ఆయనెవురో తెలవనట్టు నేనాడాల. ఇద్దురికీ ఒకటే వేషం. నాకు అలవాటే గానీ పాపం ఆయనకి కష్టం" అన్నాడు. ఆనందమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కోపం లేదులే. నీ పెళ్ళిలో మా నాయన నీ కాళ్ళు కడిగినప్పుడు కూడా ఆయన చేతులకు వేషానికి పూసుకున్న అర్దళం పసుపు పూర్తిగా వదల్లేదు. అప్పుడు నువ్వు వెనక్కి తీసుకోలేదు కాళ్ళు. అయినా కాలం అలాంటిది. తినేవాడి మాట చెల్లుతుంది, తిననివాడు వినాలి.

శీనయ్య నిన్న బయలుదేరాడు. పాత ఎర్ర తలపాగా, మేకవెంట్రుకల మీసం, అద్దకం వేసిన చొక్కా మూట కట్టుకున్నాడు. ఆనందమ్మ తన వంతు గంజి కూడా వాడి ముంతలో పోసి పంపింది. వాడు చేరగానే ఒక్క ముక్క రాయి. చంటిదాన్ని వాడికి దూరం నుంచైనా చూపించు.

చెంచురామయ్య

*

ఆత్మకూరు
ఈశ్వర, వైశాఖ మాసం

బావ చెంచురామయ్యకు,

ఉత్తరం ఆలస్యమైంది. పని ఒత్తిడి.

మన శీనయ్య వేషం చూసి తీరాలి. శెట్టిగారు భోజనానికి ఇంటికి పోయిన సమయంలో, మీసం మెలివేసుకుంటూ కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. మా కాపలావాడు నిజమైన జమేదారే అనుకుని లేచి సలాము చేశాడు. "ఏం, ఇక్కడ దొంగతనం జరిగిందంట గదా" అన్నాడు శీనయ్య. "లేదయ్యా, ఏం జరగలేదు" అన్నాడు కాపలావాడు. "జరగలేదా? సరే, జరగబోయేదానికి ఇప్పుడే వాంగ్మూలం ఇయ్యి. జరిగినాక నాకు తీరిక ఉండదు" అన్నాడు. విత్తనాల వాళ్ళంతా గుమిగూడారు. ఎముకల గూళ్ళలా ఉన్న మనుషులు కడుపులు పట్టుకుని నవ్వుతుంటే చూడటానికి ఎలాగో ఉంది.

"కొట్టు తెరువు, ఎంత పోబోతుండాదో చూడాల" అన్నాడు. కాపలావాడు తాళం తీశాడు. అంతటితో వేషం ముగిసింది.

శీనయ్య ఇంకా కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాడు. నువ్వు కంగారు పడవద్దు. కాలు బాగయ్యే వరకూ ప్రయాణాలు పెట్టుకోవద్దు. ముఖ్యంగా ఇటు రావద్దు, దారిలో వాంతిభేది ఉందంటున్నారు.

రామనారాయణ

*

ఉదయగిరి
ఈశ్వర, జ్యేష్ఠ మాసం

రామనారాయణకు,

తాళం తీసేవరకూ రాశావు. తలుపు తెరిచాక ఏం జరిగిందో కలిగిరి సంత నుంచి వచ్చిన గాజులామె మా వాకిట్లో కూర్చుని చెప్పింది. శీనయ్య మనకు ఏమవుతాడో తెలియక, వింతగా చెప్పింది.

లోపల గడప దగ్గర నాలుగు బస్తాలు, వాటి వెనక ఉత్త నేల. ఊరి విత్తనాలన్నీ మీ శెట్టి ఫాల్గుణంలోనే బండ్ల మీద నెల్లూరికి తోలించి అమ్ముకున్నాడని ఆమె అంటోంది. ఆ నేల చూసి జనం నవ్వు ఆగిపోయిందట. మన శీనయ్య మాత్రం వేషం మీద ఉన్నాడు కదా, నోరు ఆగలేదు. "నాకంటే ముందే ఎవురో పెద్దోడు వచ్చి పోయినాడే" అన్నాడట. అప్పటికి శెట్టి పరుగెత్తుకొచ్చాడు. "వీడే తిరుపాలు, మన విత్తనాలన్నీ వీడే మోసినాడు, పట్టుకోండి" అని అరిచాడట. పట్టుకున్నారట. తన్నారట. ఇప్పుడు ఠాణాలో బొండకొయ్యలో కాళ్ళు పెట్టి ఉంచారట.

"తిరుపాలు దొరికినాడబ్బా, మేం అందరం పొయ్యి చూసొచ్చినాం" అంది గాజులామె. ఆనందమ్మ అక్కడే కూర్చుని వింది.

ఇంత జరిగితే నువ్వు నాకు రాసింది వాంతిభేది గురించి. సరే. దానికి సమాధానం తర్వాత అడుగుతాను. ఇప్పుడు నువ్వు చేయవలసింది ఒక్కటే. లేచి ఠాణాకు పోయి, "వీడు ఉదయగిరి శీనయ్య, నా భార్యకు తమ్ముడు, ఫాల్గుణంలో ఉదయగిరిలోనే ఉన్నాడు" అని చెప్పు. పెద్ద కొలువువాడివి, నీ మాట నమ్ముతారు. ఇది అందగానే పో.

చెంచురామయ్య

*

ఆత్మకూరు
ఈశ్వర, ఆషాఢ మాసం

బావకు,

నీ కోపం నాకు అర్థమైంది. కానీ నువ్వు దూరాన కూర్చుని అనుకున్నంత తేలిక కాదు ఇక్కడ.

ఆ రోజు పట్టుకున్నప్పుడే నేను చెప్పి ఉంటే వేరు. అప్పుడు జనం రాళ్ళెత్తి ఉన్నారు. ఇప్పుడు పోయి చెబితే ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటారు. కొట్టు గుమాస్తా బావమరిదే దొంగ అని తేలితే, లోపలి నుంచి సాయపడింది నేనేనంటారు. శెట్టిగారు ఆ మాట అనడానికి సిద్ధంగా ఉన్నారు. పోయిన వారం నన్ను పిలిచి, ఏమీ అడగకుండానే, "ఈ ఇంటి ఉప్పు తినేవోళ్ళు ఈ ఇంటి మాటే చెప్పాల, ఏమయ్యా" అన్నారు. ఆయనకు ఏదో అనుమానం ఉంది.

శీనయ్య తనంతట తాను నా పేరు చెప్పలేదు. ఒకసారి ఠాణా మీదుగా పోతుంటే నా వైపు చూశాడు. ఊచల వెనక నుంచి "దణ్ణాలు గుమాస్తా గారూ" అన్నాడు, అంతే. తెలివైనవాడు. నా కష్టం వాడికి తెలుసు. నువ్వే అర్థం చేసుకోవడం లేదు.

కరువు పనులు చూడటానికి దొర ఇక్కడ మకాం చేస్తాడు. విచారణ ఆయన ముందు. అప్పుడు సమయం చూసి ఏదో చేస్తాను. అంతవరకు తొందరపడి ఎవరినీ పంపవద్దు.

రామనారాయణ

*

ఉదయగిరి
ఈశ్వర, శ్రావణ మాసం

రామనారాయణకు,

నువ్వు పంపవద్దన్న మనిషిని నేను పంపాను. ఆనందమ్మ. ఉత్త కాళ్ళతో నడిచి వచ్చింది, ఉత్త కాళ్ళతో తిరిగి చేరింది. ఏం జరిగిందో నీకు తెలుసు కానీ, నాకు తెలిసిందని నీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

నీ ఇంటి ముందు నిలబడితే నువ్వు లోపలికి పోయి తలుపు వేసుకున్నావు. పెంచలమ్మ పెరటి దారిన పిలిచి గంజి పోసిందట. "వొదినా, మనిషివి ఇట్ట అయిపోయినావేంది" అని అడిగితే చెల్లెలు ముంత కడుక్కుంటూ ఉండిపోయిందట. చంటిదేదని అడిగే లోపల నువ్వు లోపలి నుంచి దగ్గావట. ఆనందమ్మ లేచి వచ్చేసింది.

ఠాణాలో శీనయ్యను చూడనిచ్చారు. కాళ్ళు మోకాళ్ళ దాకా వాచి ఉన్నాయట. అయినా దాన్ని నవ్వించడానికి చూశాడట. "యాడా లేని మర్యాద ఇక్కడుండాది. రోజూ జనం వొచ్చి దణ్ణం పెడతారు. సోమశిల పల్లకీ కత చెప్పమంటారు. చెప్తా. చెప్తే కాపలావోళ్ళు నాకు ఇంకో గరిటె గంజి పోస్తారు. నేను తిరుపాల్ని కానంటే ఆ గరిటె రాదు" అన్నాడట. విత్తనాలు పోయిన వాళ్ళు కూడా వస్తారట. వాళ్ళు దణ్ణం పెట్టరు. ఊచలు పట్టుకుని, యాడ దాచినావు సామీ, కొన్నన్నా ఇయ్యి, వాన పడితే చల్లుకోవాల, అని ఏడుస్తారట. వాళ్ళొచ్చినప్పుడు మాత్రం తల గోడ వైపు తిప్పుకుంటానని చెప్పాడట.

నిన్ను ఒక్క మాట అనలేదట వాడు. నేను అంటున్నాను. మేము వేషం కట్టుకుంటే పొద్దు వాలేసరికి నీళ్ళతో కడిగేసుకుంటాము. నువ్వు ఎప్పుడు కడుక్కుంటావు?

దొర మకాంలో నీ నోటి నుంచి ఆ మాట రావాలి.

చెంచురామయ్య

*

ఆత్మకూరు
ఈశ్వర, భాద్రపద మాసం

బావ చెంచురామయ్యకు శుభవార్త.

దేవుడి దయవల్ల శీనయ్య విడుదలయ్యాడు. ఈ ఉత్తరం కంటే ముందే మిమ్మల్ని చేరి ఉంటాడు.

విచారణ మామిడితోపులో, డేరా ముందు జరిగింది. దొర తెలుగు బాగా మాట్లాడతాడు. "వేషాలు కట్టేవాడినంటావు. అయితే కట్టి చూపించు" అన్నాడు. కాళ్ళకు కట్లు విప్పారు. శీనయ్య నిలబడలేక ఒక చెట్టును పట్టుకున్నాడు. తర్వాత ఆ చెట్టునే ఇంటాయనను చేసి వేషం మొదలుపెట్టాడు. దొంగ ఎంత పొడుగని చెట్టును అడిగాడు. వాంగ్మూలం ఇవ్వనందుకు చెట్టును బెదిరించాడు. చివరికి జమేదారు మీద జమేదారుకే ఫిర్యాదు రాసుకుని, తనను తానే చెయ్యి పట్టుకుని ఠాణాకు ఈడ్చుకుపోయాడు. దొర కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. బంట్రోతులు నవ్వారు. మా శెట్టిగారు కూడా నవ్వక తప్పలేదు.

ఇతను ఆటగాడే తప్ప దొంగ కాడని దొర తీర్పు చెప్పాడు. సర్కారు ఉద్యోగి దుస్తులు వేసుకున్న తప్పుకు ఇన్నాళ్ళు లోపల ఉన్నది చాలన్నాడు. విత్తనాలు ఏమయ్యాయని శెట్టిగారిని అడగనేలేదు. అసలు తిరుపాలును వెతకమని మాత్రం ఉత్తరువు ఇచ్చాడు.

నేను నాకు చేతనైనంత తెరవెనక చేశాను. అంతా మంచికే ముగిసింది కనుక పాతవి మరచిపోదాం. తమ్ముడి మీద బెంగతో పెంచలమ్మ వాడి వెంట పుట్టింటికి వచ్చింది. పది దినాలు ఉంచుకుని పంపించు. ఇల్లు చూసుకునేవాళ్ళు లేరు.

ఇక్కడ వానలు పడ్డాయి.

రామనారాయణ

*

ఉదయగిరి
ఈశ్వర, ఆశ్వయుజ మాసం

రామనారాయణకు,

వాళ్ళు చేరారు. శీనయ్యను చెల్లెలు భుజం పట్టి నడిపించుకొచ్చింది. ఇద్దరిలో ఎవరు ఎవరిని మోశారో చెప్పలేను.

దొర నవ్విన సంగతి రాశావు. దానికి ముందు జరిగింది పెంచలమ్మ చెప్పింది. నువ్వు రాస్తావేమోనని ఇన్నాళ్ళు ఆగాను. రాయలేదు కనుక నేనే రాస్తాను.

నువ్వు నోరు తెరవవని తెలిసి చెల్లెలు తనే తోపులోకి వచ్చింది. అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి, "దొరా, వీడు నా తమ్ముడు. పేరు శీనయ్య. నా చేత్తో ఎత్తుకు పెంచినాను" అంది. దొర నిన్ను పిలిచి ఈమె ఎవరని అడిగాడు. నా భార్యే అన్నావు. మరి ఇతను ఆమె తమ్ముడేనా అన్నాడు. అప్పుడు నువ్వు చేతులు కట్టుకుని, "లేదు దొరా, ఆమెకు తమ్ముడు లేడు. వైశాఖంలో అమ్మవారు పోసి మా బిడ్డ పోయింది. అప్పటినుంచీ ఆమెకు మతి నిలకడ లేదు" అన్నావు.

నా మేనకోడలు పోయిందని నాకు అలా తెలిసింది. నాలుగు నెలల తర్వాత, దొర ముందు నువ్వు చెప్పిన సాక్ష్యంలో. కబురు చేస్తే మేము వస్తామని, వస్తే ఎవరమో నలుగురికీ తెలుస్తుందని చెయ్యలేదట కదా. నన్ను అటు రావద్దని రాసిన రోజుకు బిడ్డను పూడ్చి వారం కూడా కాలేదట.

నీ మాట విన్నాకే దొర ఎవరిని నమ్మాలో తెలియక శీనయ్యను ఆడి చూపమన్నాడు. మతి లేదన్న అక్క కళ్ళెదుట, పోయిందని అప్పుడే విన్న బిడ్డ కోసం ఒక్క బొట్టు రాల్చే వ్యవధి లేకుండా, వాడు చెట్టుతో హాస్యమాడాడు.

పెంచలమ్మను పంపమన్నావు. అడిగాను. కొంతసేపు దుర్గం వైపు చూసి, "మతి లేనిదాన్ని ఆయనేం చేసుకుంటాడన్నా" అంది. మళ్ళీ అడగను. నువ్వూ అడగవద్దు.

ఇక శీనయ్య. విడుదలయ్యాడని నువ్వు శుభవార్త రాశావు. కాళ్ళు కొంచెం ఆరాక కలిగిరిలో రాముడి వేషం కట్టాడు. వీధి మొదట్లో ఉండగానే తలుపులు వేసుకున్నారు. "తిరుపాలురా, ఈసారి రాముడైనాడు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. దొరనే నవ్వించి, బొండకొయ్య విప్పించుకుని దర్జాగా నడిచిపోయినవాడు తిరుపాలు కాక ఇంకెవరని జనం వాదన. విడుదలయ్యాడు కనుకనే వాడు తిరుపాలట. అసలు తిరుపాలనే మనిషి ఎప్పుడైనా ఉన్నాడో, మీ శెట్టి వంటివాళ్ళు ఖాళీ చేసిన గాదెలకు పెట్టిన పేరో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం ఉన్నాడు. మా ఇంట్లో ఉన్నాడు.

వానలు మంచిగా పడ్డాయని ఇక్కడా అంటున్నారు. మీ ఊరి వాళ్ళు తడిసిన చేల గట్ల మీద ఊరికే కూర్చుని ఉన్నారని విన్నాను.

వేషం ఇక తిండి పెట్టదని శీనయ్య, ఆనందమ్మ కరువు పనికి సంగం వైపు పోయారు, మట్టి మోయడానికి. ఆనందమ్మ నిన్న బియ్యం నూకలు ఇచ్చి పోవడానికి వచ్చి చెప్పింది. పనిలో చేరే రోజు మేస్త్రీ "పేరేంది" అని అడిగాడట. "శీనయ్య" అన్నాడట వీడు. తిరుపాలు వచ్చాడని అప్పటికే చెప్పుకుంటూ వరసలో నిలబడ్డ కూలీలంతా ఒక్కసారిగా నవ్వారట. తట్టలు కింద పెట్టి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారట. మేస్త్రీ కూడా నవ్వి, "ఇంకోసారి చెప్పు" అన్నాడట.

శీనయ్య ఇంకోసారి చెప్పాడట.

చెంచురామయ్య